మాకంటే ముందే ఫ్లాట్ చూసి వెళ్ళిన పెద్దాయన

దెయ్యాల సంగతి ఎత్తితే నాకు భయం వేసేది కాదు, విసుగు వచ్చేది. గోదావరి జిల్లా కొత్తపేట టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పదిహేడేళ్ళు ఆపరేటరుగా పనిచేశాను. మనిషి పోయిన ఇంట్లో ఫోను దానంతటదే మోగుతోందని, ఎత్తితే ఎవరూ పలకడం లేదని ఏడాదికి ఒకరైనా వచ్చి చెప్పేవారు. లైన్‌మన్ వెళ్ళి చూస్తే తీగ మీద కొబ్బరిమట్ట పడి ఉండేది. లేదంటే కేబుల్ పెట్టెలోకి వాననీళ్ళు దిగి ఉండేవి. వెతికిన ప్రతిసారీ ఏదో ఒక కారణం దొరికింది.

ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం దొరకలేదు. ఏడేళ్ళుగా వెతుకుతూనే ఉన్నాను.

నా పేరు సుభద్ర. మావారు పంచాయతీరాజ్ శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరు. బడి గదులు, కల్వర్టులు కట్టేచోట నిలబడి పని చూసుకోవడం ఆయన ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికొచ్చినా వదిలేది కాదు. ఎవరింటికి వెళ్ళినా జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి గోడ మీద కొట్టి, చప్పుడు వినేవారు. గృహప్రవేశానికి పిలిస్తే నేరుగా బాత్రూములోకి వెళ్ళి చెంబుడు నీళ్ళు పోసి, అవి ఎటు పారుతున్నాయో చూస్తూ గొంతుక్కూర్చునేవారు. భోజనానికి పిలిచినవాళ్ళింట్లో ఇదేం పనండీ అంటే, "ఆయ్, అయిపోయింది" అని లేచేవారు.

ఆ రోజుల్లో మావైపు వాళ్ళు హైదరాబాద్‌లో ఫ్లాట్లు కొనడం మొదలుపెట్టారు. కొనబోయే ముందు చాలామంది మా అరుగు మీదికొచ్చి ఆయన్ని అడిగేవారు. అందరికీ ఒకటే చెప్పేవారు. ఆ స్థలం మొదట ఎవరిదో అక్కణ్ణుంచి ఇప్పటిదాకా దస్తావేజులన్నీ వరసగా చూడండి. ప్లానులో ఎన్ని అంతస్తులకి అనుమతి ఉందో, మీకు అమ్మే అంతస్తు అందులో ఉందో లేదో చూడండి. స్థలంలో మీ వాటా ఎంతో రిజిస్ట్రేషన్ కాగితంలో రాయించుకోండి. వాళ్ళు చెప్పే అడుగుల్లో మెట్లూ వరండా కూడా కలిపేస్తారు, లోపల టేపు పట్టి మీరే కొలుచుకోండి. ఎండాకాలం నీళ్ళ సంగతి అమ్మేవాణ్ణి కాదు, పక్క ఫ్లాటువాళ్ళని అడగండి. పడమటి గది మధ్యాహ్నం పూట చూడండి.

ఇంత చెప్పిన మనిషి తాను మాత్రం హైదరాబాద్‌లో ఒక్క ఫ్లాటూ చూడలేదు. ఆ ఊరికి ఆయన రెండేరెండు సార్లు వెళ్ళారు, రెండూ ఆఫీసు శిక్షణకే. హాస్టల్లో ఉండి తిరిగొచ్చారు. ఈ విషయం ముఖ్యం కాబట్టి చెబుతున్నాను.

ఆయన నలభై ఏడో ఏట పోయారు. రావులపాలెంలో బస్సెక్కారు. కొత్తపేటలో అందరూ దిగినా ఆయన దిగలేదు. నిద్రపోతున్నారనుకుని కండక్టరు భుజం తట్టాడట. ఒళ్ళో ఫైలు, దాని మీద గొడుగు అలాగే ఉన్నాయి. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు.

నేను ఏడవలేదు. ఏడవకూడదని పట్టుబట్టి కాదు, రాలేదు. ఎవరో అన్నం పెడితే తిన్నాను, స్నానం చెయ్యమంటే చేశాను. పన్నెండో రోజు అయ్యాక డ్యూటీకి వెళ్ళాను. వేడి గ్లాసు పట్టుకున్నా చేతికి వేడి తెలిసేది కాదు. ఒకసారి వేలు బొబ్బ ఎక్కితే మర్నాడు చూసుకున్నాను. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. వీధిలో నడిస్తే ప్రతి గుమ్మం దగ్గరా ఎవరో ఒకరు ఆపి, చెయ్యి పట్టుకుని, "ఎలా ఉన్నావమ్మా" అనేవారు. ఎలా ఉన్నానో నాకే తెలియదు. హైదరాబాద్‌కి బదిలీ పెట్టుకున్నాను. అక్కడ ఎవరూ అడగరు కదా అని.

బదిలీ వచ్చింది. తార్నాకలో ఆడవాళ్ళ హాస్టల్లో ఒక మంచం తీసుకున్నాను. ఆయన సంవత్సరీకం కూడా కాకముందే ఫ్లాట్ కొనాలన్నది నా ఆలోచన కాదు, మా పెద్దాడపడుచు సత్యవతి వదినది. రాజోలు దగ్గర ఉంటుంది. మావారికంటే పదకొండేళ్ళు పెద్దది, ఆయన్ని చంకనెత్తుకుని పెంచింది.

"హాస్టల్లో ఎన్నాళ్ళుంటావు? మావాడు నీకో ఇల్లు అమరుస్తానన్నాడు. వాడి మాట నేను నిలబెడతాను" అంది ఫోనులో.

నాకు ఇల్లు కావాలనీ లేదు, వద్దనీ లేదు. సరేనన్నాను.

ఒక ఆదివారం సాయంత్రం వదిన బస్సు దిగింది. ఆ రోజు పేపర్లో పడ్డ ప్రకటనలు ఇద్దరం చూసి రెండింటి చుట్టూ పెన్నుతో గీశాం. సోమవారం పొద్దున్నే హాస్టల్ ఫోను నుంచి ఆ రెండు నంబర్లకీ చేసి వస్తున్నామని చెప్పాను. అంతకుముందు మేం ఏ ఫ్లాటు చూడబోతున్నామో మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ మాటకొస్తే ఆదివారం సాయంత్రం దాకా మాకూ తెలియదు.

మొదటిది మల్కాజిగిరిలో. ఓనరు ఊళ్ళో లేడు, తాళం వాచ్‌మన్ భార్య దగ్గర ఉంది. పేరు యాదమ్మ. తలుపు తీసి, మేం గోడలు చూస్తుంటే గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. ఎందుకు నవ్వుతున్నావని వదిన అడిగింది.

"నిన్న ఇదే యాళ్ళకు ఒక పెద్దసారు వచ్చిండమ్మా. మీ తీరుగనే చూసిండు. రూపాయి బిళ్ళతోని గోడలన్నీ కొట్టిండు. చెంబు అడిగి బాత్రూంల నీళ్ళు పోసి, గట్లనే కూసొని చూసిండు. ఏం చెప్పినా ఆయ్ ఆయ్ అంటడు. నాకు నవ్వాగలే."

వదిన నా వైపు చూసింది. నేను కిటికీ గడియ చూస్తున్నాను. గోదావరి జిల్లావాడెవడో వచ్చాడు, ఇంజనీరయి ఉంటాడు, అందులో వింతేముంది అనుకున్నాను. ఇంజనీర్లందరూ గోడలు కొడతారు, మావైపు వాళ్ళందరూ ఆయ్ అంటారు.

"ఇంతకీ ఏమన్నాడమ్మా ఆయన?" అంది వదిన.

"పడమటెండ శాన కొడ్తది, మావోళ్ళకు పనికిరాదన్నడు."

అప్పుడు మధ్యాహ్నం రెండు దాటింది. పడకగది గోడ మీద చెయ్యి పెట్టాను. నాకేమీ తెలియలేదు. వదిన పెట్టి వెంటనే తీసేసింది.

రెండోది సికింద్రాబాద్ అవతల, చిన్న సందులో, మూడంతస్తుల భవనంలో మొదటి అంతస్తు. అది కరుణమ్మగారు అనే రిటైర్డ్ నర్సుది. విజయవాడలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ అమ్ముతోంది. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. నేనేమీ అడగకముందే, "మీరు టెలిఫోన్స్‌లో పనిచేస్తారా అమ్మా?" అంది.

పొద్దున ఫోనులో నా పేరు తప్ప ఏమీ చెప్పలేదు. అవునన్నాను. మీకెలా తెలుసని అడిగాను.

"నిన్న మీ ఇంటి పెద్దాయన వచ్చారుగా, రేపు మావాళ్ళు వస్తారన్నారు. రైలు చప్పుడు ఏ కిటికీలోంచి వస్తుందని అడిగారు. రాదండీ అంటే నమ్మలేదు. గంటసేపు ఆ కుర్చీలో కూర్చుని విన్నారు. మా ఇంటావిడ పొద్దస్తమానూ చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని పనిచేస్తాదండి, ఇంటికొచ్చేక చప్పుడుండకూడదండి అన్నారు."

ఆ కొసమాట ఆవిడ ఆయన యాసలోనే అంది. ఆవిడది కృష్ణాజిల్లా. ఆ యాస ఎవరి నోటో వింటే తప్ప ఆవిడకి రాదు.

వదిన కుర్చీలోంచి జారి గచ్చు మీద కూలబడింది. కరుణమ్మగారు కంగారుపడి నాడి చూసింది. నేను అలాగే కూర్చున్నాను. అప్పుడు నాకేమనిపించిందో తరవాత చాలాసార్లు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఏమీ అనిపించలేదు. గ్లాసు కింద తడి గుండ్రంగా ఉందని మాత్రం చూశాను.

వదిన తేరుకుని నా చేతిసంచీ లాక్కుంది. పెన్షన్ కాగితాల కోసం తీసిపెట్టిన మా ఇద్దరి ఫొటో అందులో ఉంది. అది తీసి కరుణమ్మగారి చేతిలో పెట్టింది.

"ఈయనేనాండీ వచ్చింది?"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"కాదమ్మా. ఈయన కుర్రాడు. వచ్చినాయనకి డెబ్భై దాటి ఉంటాయి. జుట్టంతా తెలుపు. ఈయన తండ్రిగారా? కళ్ళు మాత్రం ఇవే."

మా మామగారు నా పెళ్ళికి ముందే, యాభై అయినా నిండకుండానే పోయారు. మావారికి అన్నలు లేరు, పెదనాన్నలూ బాబాయిలూ లేరు. వదిన ఆ మాటే చెప్పింది. కరుణమ్మగారు ఫొటో ఇంకోసారి చూసి నెమ్మదిగా చెప్పింది.

"ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో పనిచేశాను. మనిషిని చూస్తే వయసు చెప్పగలను, దెబ్బ చూస్తే ఎలా తగిలిందో చెప్పగలను. ఆయన ఎడమ చేతి చిటికెన వేలు సరిగా అతకలేదు. ఇదేమిటండీ అని అడిగాను. స్లాబు పోసేటప్పుడు చెక్క పడిందన్నారు."

మావారికి ఆ దెబ్బ అమలాపురం దగ్గర ఒక బడి కడుతున్నప్పుడు తగిలింది. కట్టు నేనే మార్చేదాన్ని. వేలు వంకరగానే ఉండిపోయింది. ఫొటోలో ఆ చెయ్యి నా వెనక ఉంది, కనబడదు.

ఇల్లు చూడకుండానే లేచి వచ్చేశాం. బస్టాపు దాకా వదిన నా మోచెయ్యి వదల్లేదు.

"వాడేనే సుభద్రా."

"డెబ్భై ఏళ్ళాయన అంటోంది కదా వదినా."

"వాడే. చెయ్యి సంగతి ఎవరికి తెలుసు? ఆ ఇల్లే తీసుకో. వాడు కూర్చుని చూసిన ఇల్లు."

నేను వద్దన్నాను. ఆ ఇంట్లో నాకు తప్పేమీ కనబడలేదు. కానీ ఎవరో నడిపిస్తే నడవడం అప్పటికే ఎక్కువైందనిపించింది. మర్నాడు ఇంకోటి చూద్దామన్నాను. నెలల తరవాత నేను నా అంతట నేను అన్న మొదటి మాట అదేననుకుంటాను. వదినకి కోపమొచ్చింది. ఆ రాత్రి హాస్టల్లో నన్ను పిలవకుండానే అన్నం తినేసి పడుకుంది.

మంగళవారం ఉదయం ఒక బ్రోకరు మమ్మల్ని కొత్తగా కట్టిన అపార్ట్‌మెంటుకి తీసుకెళ్ళాడు. ఏ ప్రకటనా చూడలేదు, హాస్టల్ దగ్గర బోర్డు చూసి అప్పటికప్పుడు అడిగాం. రెండో అంతస్తు. ముందుగా వాచ్‌మన్‌ని పిలిచి అడిగాను, పెద్దవాళ్ళెవరైనా వచ్చి చూశారా అని. ఎవరూ రాలేదన్నాడు. తాళం కొత్తది, చెవి బ్రోకరు దగ్గరే ఉంది. నాకు తేలిగ్గా అనిపించింది. తేలిక అని ఇప్పుడంటున్నాను గానీ, అప్పుడైతే మోస్తున్న సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నట్టుంది, అంతే.

గదులు వెడల్పుగా ఉన్నాయి. వదిన బాల్కనీలోకి వెళ్ళింది. నేను బాత్రూము తలుపు తోశాను.

గచ్చు మీద నీళ్ళున్నాయి. చెంబుడు నీళ్ళు. తూము వైపు పోలేదు, గుమ్మం పక్క మూలకి వచ్చి నిలబడ్డాయి. మూల తప్ప మిగతా గచ్చు మీద నీళ్ళు పారిన తడి చార ఇంకా ఆరలేదు.

బ్రోకరుని పిలిచాను. వచ్చి చూసి పైకప్పు చూశాడు, గోడలు చూశాడు. "ఇంకా మోటారు కనెక్షనే ఇవ్వలేదు మేడమ్" అన్నాడు. కుళాయి తిప్పాడు. గాలి కూడా రాలేదు. పైన ఫ్లాటు గచ్చే వెయ్యలేదట. గదుల్లో చెంబు గానీ బక్కెట్టు గానీ లేదు. అతను రుమాలుతో మెడ తుడుచుకుని, గచ్చు వాటం సరిచేయిస్తామన్నాడు.

అంతలో వదిన బాల్కనీలోంచి వచ్చింది. మనిషి మొహం పాలిపోయి ఉంది. బాత్రూము వైపు రానే లేదు, నీళ్ళు చూడనే లేదు.

"ఇది వద్దు సుభద్రా. ఆ నర్సమ్మగారిదే తీసుకుందాం. ఇంక నాకు ఎదురు చెప్పకు."

అంటూనే వెళ్ళి వాకిలి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. నేనెదురు చెప్పలేదు.

కరుణమ్మగారి ఇల్లే కొన్నాం. కాగితాల దగ్గర మాత్రం తొందరపడలేదు. మావారు అరుగు మీద చెప్పినవన్నీ ఒక్కొక్కటే చూశాను. పాత దస్తావేజులు ఒక వకీలుకి చూపించాను, ప్లాను తెప్పించుకున్నాను, లోపల టేపు పట్టి కొలిచాను, పై ఫ్లాటువాళ్ళనీ పక్కవాళ్ళనీ నీళ్ళ గురించి అడిగాను. ఎక్కడా లోపం లేదు. ఫ్లాటు కొంటున్నామని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నేను చెప్పేది అవే. ఈ కథ చెప్పను.

ఇంట్లో చేరాక ఏమీ జరగలేదు. అది కూడా చెప్పాలి. చప్పుళ్ళు లేవు, నీడలు లేవు. రైలు వినబడేది కాదు. మూడేళ్ళకి సందు చివర ఫంక్షన్ హాలు కట్టారు. పెళ్ళిళ్ళ రోజుల్లో మైకు హోరు కిటికీలు మూసినా ఆగదు. వచ్చింది ఆయనే అయితే, రాబోయే రోజులన్నీ గడిపి అంత వయసులో వచ్చినాయనకి ఫంక్షన్ హాలు సంగతి తెలియదా అని ఒకసారి నవ్వుకున్నాను. ఆయన పోయాక నేను నవ్వడం అదే మొదలేమో.

కారణాలు వెతికాను. హైదరాబాద్ ఎక్స్ఛేంజిల్లో మావైపు ఆపరేటర్లెవరైనా ఆ రోజుల్లో ఇల్లు వెతుక్కున్నారేమోనని తెలిసినవాళ్ళందరినీ అడిగాను. ఎవరూ లేరు. యాదమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. పెద్దసారు అంటే ఆఫీసరనుకున్నావా, వయసులో పెద్దా అని అడిగాను. "ముసలాయనమ్మా, గొడుగు పట్టుకొని వచ్చిండు" అంది. కరుణమ్మగారికి ఉత్తరం రాశాను. ఆయన మంచినీళ్ళు తాగిన గ్లాసు తాను కడిగానని, మనిషి మామూలుగానే ఉన్నాడని, తనకి అనుమానమే రాలేదని జవాబు రాసింది.

వదిన మాత్రం ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. అది నాకు వింతగా ఉండేది. కోడి గుడ్డు పెట్టినా పది ఇళ్ళకి చెప్పే మనిషి. పోయినేడాది మోకాలి నొప్పితో మంచాన పడితే చూడ్డానికి రాజోలు వెళ్ళాను. లేచి కూర్చోగలిగింది. మధ్యాహ్నం వరండాలో మట్టలు ముందేసుకుని చీపురుకి ఈనెలు చీరుతోంది. నేనూ ఒక చాకు తీసుకుని పక్కన కూర్చున్నాను. కాసేపటికి తల ఎత్తకుండానే చెప్పింది.

"ఆ మూడో ఫ్లాటులో బాల్కనీలో నుంచున్నానా. రోడ్డవతల నుంచుని పైకి చూస్తున్నాడు. తల ముగ్గుబుట్టయిపోయింది. నేను చంకనేసుకుని తిప్పినవాడు, నాకంటే పెద్దవాడైపోయేడే సుభద్రా. చెయ్యి ఇలా అడ్డంగా ఊపేడు, వద్దని. గొడుగు చంకలో పెట్టుకుని మెల్లిగా నడుచుకుంటూ వెళ్ళిపోయేడు."

నేను చాకు పక్కన పెట్టాను.

"పిలవలేదా వదినా?"

"నోరు పెగల్లేదు."

"నన్నయినా పిలవాల్సింది."

అప్పుడు తలెత్తింది. "పిలిస్తే నువ్వు మెట్లన్నీ దిగి పరిగెత్తుకుంటూ వాడి వెనకాల వెళ్ళిపోతావు. మళ్ళీ రావేమోనని భయమేసింది. అందుకే గుమ్మానికి అడ్డంగా వచ్చి నుంచున్నాను."

గుర్తు తెచ్చుకుంటే నిజమే. ఆ రోజు మేం కిందికి దిగేదాకా ఆవిడ వాకిలి దగ్గరనుంచి కదల్లేదు.

ఈనెలన్నీ కూడదీసి కట్ట కట్టాం. వదిన కళ్ళు తుడుచుకుని లోపలికి కాఫీ పెట్టమని చెప్పింది.

ఆ వచ్చింది ఎవరో నాకు తెలియదు. నలభై ఏడేళ్ళకి పోయిన మనిషికి ఆ వయసు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు. వదిన పిలిచి ఉంటే నేను ఆ మెట్లు దిగేదాన్నో, బాల్కనీ దాకా వెళ్ళి చూసి ఊరికే వెనక్కి తిరిగేదాన్నో, అది కూడా తెలియదు. ఆ రోజుల్లో నేను ఎలా ఉన్నానో నాకు తెలుసు. పరిగెత్తేదాన్ననే వదిన నమ్మకం. అది నిజం కాదేమోనని ఆవిడకి నేను చెప్పలేదు.